తాటాకు కట్టకు విలువ

వస్తువుల విలువ విషయంలో మనుషులు ఏకీభవించరన్నది అందరికీ తెలిసినదే. ఒకరు అటకమీద పారవేసిన సామాను మరొకరికి అపురూపమవుతుంది. దానిని అభిరుచి భేదమని సరిపెట్టుకుంటాము. కాని ఈ భేదం ఒక్కొక్కప్పుడు అభిరుచిని దాటి ధర్మవిచారణకు దారితీస్తుంది. అందుకు పుదుచ్చేరి పట్టణంలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

సముద్రతీరానికి చేరువలో, సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచి పరిశోధన సంస్థ ఉన్నది. 1955లో జాఁ ఫిలియోజా నాయకత్వాన ఆ సంస్థ ఆరంభమైనది. శైవాగమ గ్రంథాల సేకరణ భారాన్ని పండిత ఎన్.ఆర్. భట్ వహించారు. తమిళదేశంలోని అర్చకుల ఇళ్ళనుంచి, మఠాలనుంచి తాళపత్ర ప్రతులు ఇక్కడికి చేరాయి. ఇదే పట్టణంలోని ఫ్రెంచి ప్రాచ్యవిద్యా కేంద్రంలో ఉన్నవాటితో కలిపి సుమారు 11,000 ప్రతులను 2005లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' పట్టికలో చేర్చింది. వాటిలో గ్రంథలిపిలో వ్రాసిన సంస్కృత ప్రతులే అధికం.

ఈ పత్రాలు ఇక్కడికి రాకముందు ఎవరి దృష్టిలో ఏమి విలువ చేసేవి? అంగడిలో వాటికి వెల లేదు. చదవగలిగిన తరం గతించిన ఇళ్ళలో అవి పూజావస్తువులు. నవరాత్రులలో సరస్వతీపూజనాడు దించి, పసుపు కుంకుమలు పెట్టి, మరల పైకి ఎక్కించేవారు. (ఆనాడు పుస్తకం చదవరాదన్న నియమాన్ని మనలో చాలామంది సంవత్సరం పొడుగునా పాటిస్తున్నామనుకోండి!) మరికొందరికి అవి ఇంటినిండా చోటు ఆక్రమించిన ఎండుటాకులు. పాత ఏటి కట్టలను ఆడిమాసపు వరదలో విడిచినవారి సంగతి ఉ.వే. స్వామినాథయ్యర్ ఎంతో వేదనతో వ్రాసుకున్నారు. అలా విడిచినవారు దుర్మార్గులు కారు. తాము చదవలేని పవిత్రవస్తువును కాలదన్నకుండా గంగపాలు చేయడమే మర్యాద అని వారి విశ్వాసం.

చదువుకున్నవారు ఈ ఇరువురినీ చూచి నవ్వడం సులభం. అక్షరం తెలియని పూజ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆలోచించగా నాకు తోచినది వేరు. రెండు మూడు తరాలపాటు ఆ కట్టలను కాపాడినది పండితుల పాండిత్యం కాదు, చదవలేనివారి భక్తి. అందులో ఏమున్నదో తెలియకపోయినా అది తమ సొత్తు కాదనీ, తాతలు తమకు అప్పగించిన న్యాసమనీ వారు భావించారు. తనదైన వస్తువును అమ్ముకోవచ్చు, అనుభవించవచ్చు, పారవేయవచ్చు. న్యాసమైన దానిని తిరిగి ఒకరికి అప్పగించవలసి ఉంటుంది.

అయితే ఆ భక్తిని పూర్తిగా సమర్థించడానికీ మనస్సు ఒప్పదు. మన వాతావరణంలో తాటాకు చిరకాలం నిలువదు. పురుగు తొలుస్తుంది, చెమ్మ తింటుంది. పూర్వులు అందుకే తరతరానికి ప్రతి వ్రాయించేవారు. ప్రతి వ్రాయక పూజ మాత్రమే చేసిన ఇంట, కట్ట మిగిలినా గ్రంథం నశిస్తుంది. న్యాసాన్ని పెట్టెలో భద్రపరచి, దాని ప్రాణాన్ని పోగొట్టడం కూడా ఒక విధమైన ద్రోహమే కదా! కట్టను విడిచి ఇవ్వడానికి ఇష్టపడని ఇళ్ళవారినుంచి ప్రతులు ఎరువు తెచ్చి, దేవనాగరిలో కాగితాలపై ఎత్తి వ్రాయించి, ఈ సంస్థ ఆ చిక్కును కొంతవరకు తీర్చింది. యజమానికి ఆకు దక్కింది, లోకానికి పాఠం దక్కింది. ఈ ఒప్పందంలో ఎవరూ ఎవరినీ అజ్ఞానులని అనవలసిన పని లేకపోయింది.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. కడపలో సి.పి. బ్రౌన్ తన జీతం సొమ్ముతో పండితులను పోషించి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి సరిచూపించాడు. పురుగు తిన్న ఆకులకు డబ్బు వెచ్చించే దొరను చూచి లోలోపల నవ్వుకున్నవారు ఆనాడు ఉండే ఉంటారు. ఆ ఆకులను ఇన్నాళ్ళు దాచిన ఇళ్ళవారు మాత్రం నవ్వి ఉండరని నా ఊహ.

ఈ పుదుచ్చేరిలోనే మరొక సాక్ష్యం ఉన్నది. డూప్లే దొరకు దుబాసీగా ఉండి అపారధనం గడించిన ఆనందరంగపిళ్ళ (1709–1761) తెలుగు కవులనూ ఆదరించాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరనే వెలయించాడు. పిళ్ళ 1736 నుంచి తమిళంలో దినచర్య వ్రాసుకున్నాడు. తన ఆస్తుల పట్టీలో ఆ పుస్తకాలను ఆయన లెక్కించి ఉంటాడా? బహుశః లేదు. ఇంటివారు వాటిని పారవేయలేదు. 1846లో గల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి ఉద్యోగి కంటబడే వరకు అవి ఇంటిలోనే పడి ఉన్నాయి. ఈనాడు పద్దెనిమిదవ శతాబ్ది దక్షిణదేశ చరిత్ర వ్రాయబూనినవారు వాటిని కాదని అడుగు వేయలేరు.

సెయింట్ లూయీ వీధికే మరల వద్దాము. అక్కడి ప్రతులెన్నింటికో కాగితపు నకళ్ళు ఉన్నాయి, ఛాయాచిత్రాలు ఉన్నాయి. పాఠమే విలువ అనేవారి లెక్క ప్రకారం మూలపత్రాలతో ఇక పని తీరిపోవాలి. అయినా ఆ కట్టలను ఎవరూ బయట పారవేయలేదు. ఇటువంటి భాండాగారాలలో నేటికీ ఆకులను దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పట్టించి, మరల చెక్కపలకల మధ్య పెట్టి త్రాడు చుడుతూనే ఉంటారు. దానిని వారు సంరక్షణ అంటారు. అటకమీదినుంచి ఏటికొకసారి కట్టను దించిన ఆ ఇంటి ముసలమ్మ చూస్తే, దానిని ఏమంటుందో!