గుంత కొలత

మైపాడు దగ్గర మా ఊళ్లో పెద్దమ్మ ఉపాధి హామీ పనికి వెళ్లేది. ఊళ్లో అందరికీ అది కరువు పనే. చెరువులో మట్టి తీశాక టేపు పెట్టి గుంత పొడవు, వెడల్పు, లోతు రాసుకునేవాళ్లు. వచ్చిన కూలి గ్రూపులో హాజరుని బట్టి పంచేవాళ్లు. వాళ్లలో ఒక ముసలామె నాలుగు తట్టలు మోసి గట్టున కూలబడేది. ఆమెకీ అంతేనా అని అడిగాను.

"ఆమె మట్టి మేం మోస్తాంలే అబ్బయా."

టేపుకి ఈ సంగతి తెలీదు. తెలీకపోవడమే మంచిదైంది.

2023 జనవరి 1 నుంచి దేశమంతా హాజరు ఎన్ఎమ్ఎమ్ఎస్ యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకి రెండు ఫోటోలు, చోటూ టైమూ సహా. దొంగ మస్టర్లూ అబద్ధం కాదు కాబట్టి యాప్‌ని ఊరికే తిట్టను. (నా జీతమూ అలాంటివి రాసినందుకే.) నా గొడవ వేరే. గుంతని కొలిచినప్పుడు ఎవరు ఎంత మోయాలన్నది వాళ్లే తేల్చుకున్నారు. మనిషిని కొలిస్తే ఆ వీలు ఎక్కడుంటుంది?

మా టీములో ఒకతను టికెట్లు తక్కువ మూసేవాడు. కొత్తవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కోడ్ సరిచేయించేవాడు, ఆ టికెట్లు వాళ్ల పేరు మీద మూతపడేవి. అప్రైజల్‌లో బెల్ కర్వ్ అడుగున ఎవరో ఒకరి పేరు రాయాలి. అతని పేరు రాశాను. "నంబర్లు ఇలా ఉన్నాయి" అని డాష్‌బోర్డ్ చూపించాను. దాన్ని కట్టింది నేనే, అందులో ఏది పడదో నాకు తెలుసు.

"అయితే ఆ టికెట్లలో నా పేరు పెట్టుకోవాల్సిందా?" అన్నాడు.

అవునన్నాను. తర్వాతి క్వార్టర్లో అతను ఎవరి పక్కనా కూర్చోలేదు.