నువ్వు ఎవరి వకీలువు బిడ్డా?

నేను వకీలునయినప్పుడు మా మాదిగవాడలో డప్పు కొట్టారు. చెప్పులు కుట్టి నన్ను చదివించిన మా నాయన నా నల్లకోటును రెండు చేతుల్తో తడిమి చూసి, 'ఇగ మనల్ని ఎవడేమంటడు' అన్నాడు. కోటుకు కేసు కావాలని, కేసుకు కులం కావాలని ఆ రోజు ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

హైదరాబాదు శివారు కోర్టులో మూడేళ్ళు సీనియరు ఫైళ్ళు మోశాను. నాతో చేరిన పెద్దకులాల పిల్లలకు మేనమామలు, బాబాయిలు కేసులు పట్టుకొచ్చేవాళ్ళు. నాకు మా వాడ నుంచి వచ్చే కేసులకు ఫీజు ఉండేది కాదు. వాళ్ళ బస్సు చార్జీలు నేనే పెట్టుకునేవాణ్ణి. కిరాయి గదికి పోతే ముందు ఊరు అడిగేవాళ్ళు, తర్వాత ఇంటిపేరు అడిగేవాళ్ళు, ఆ తర్వాత గది ఖాళీ లేదనేవాళ్ళు.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక శివారు భూమికి రెక్కలొచ్చాయి. ఒక రియల్ ఎస్టేట్ దళారి నా టేబుల్ దగ్గరికొచ్చి, 'వకీల్ సాబ్, కాగితాలు చూడున్రి, పార్టీని తేన్రి, రెండు పర్సెంటు' అన్నాడు. పొద్దున కోర్టు, సాయంత్రం ప్లాట్లు. నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యం బస్తా నిండుగా నిలబడ్డది.

తప్పని తెలియక చేశానని చెప్పను. వకీలు స్వయంగా వ్యాపారం చేయకూడదని బార్ కౌన్సిల్ 47వ నియమం చెబుతుంది. ఆ పుస్తకంలోనే 50వ నియమం కూడా ఉంది. వారసత్వంగా వచ్చిన కుటుంబ వ్యాపారాన్ని, స్వయంగా నడపనంతవరకు, ఉంచుకోవచ్చు. అంటే తాత మిల్లు పెట్టి పోయినవాడికి దారి ఉంది. నాకు మా తాత ఇచ్చిపోయింది ఒక డప్పు, ఒక ఆరె. ఆ నియమం రాసినవాళ్ళ కళ్ళకు నాలాంటి వకీలు ఆనినట్టు లేడు. అంబేద్కర్ కూడా 1917లో లండన్ నుంచి తిరిగొచ్చాక షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే కంపెనీ పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. బతుకు కోసం రెండు పనులు చేయడం పాపమని నన్నెవరూ ఒప్పించలేరు.

కానీ నా తప్పు అక్కడ లేదు.

మా వాడలో నాకు వరసకు పెద్దమ్మ ఒకామె ఉండేది. ఆమె భర్తకు సర్కారు రెండెకరాల లావణి పట్టా ఇచ్చింది. ఆయన పోయాడు. బిడ్డ పెళ్ళి ముందుకొచ్చింది. నా దళారి పార్టీ ఆ భూమి మీద కన్నేసింది. లావణి భూమిని అమ్మడం, కొనడం చెల్లదని 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం చెబుతుంది. రిజిస్ట్రేషన్ కాదు గనక పక్క పట్టా భూమి ధరలో సగం కూడా ఇవ్వరు. ఆ సంగతి చూపించే ధర తగ్గించారు. ఒప్పందం కాగితం నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. నాకొచ్చిన కమీషన్‌తో స్కూటరు కొన్నాను.

ఆ చట్టంలోనే 4వ సెక్షన్ ఉంది. ఇట్లా చేయిమారిన భూమిని అధికారులు స్వాధీనం చేసుకొని మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు. అట్లా ఒక్కసారే ఇస్తారు. ఈ మాట నాకు కంఠతా వచ్చు. ఆమెకు మాత్రం చెప్పలేదు. చెబితే కొనేవాడు జంకుతాడు, బేరం పోతుంది, నా రెండు పర్సెంటు పోతుంది.

మూడేళ్ళకు ఆమె కోర్టుకొచ్చింది. చుట్టూ కంచె వేశారు, మేకను కూడా రానిస్తలేరు అంది. అప్పుడు చెప్పాను 4వ సెక్షన్ సంగతి. ఆమె చాలాసేపు నా మొహం చూసింది.

'ఇది నీకు అప్పుడు ఎరుకనేనా?'

'ఎరుకనే పెద్దమ్మా.'

'మరి నువ్వు ఎవరి వకీలువు బిడ్డా?'

ఈ ప్రశ్న మీద నేను చాలా రోజులు కొట్టుకున్నాను. వకీలుకు గెలిచినా ఓడినా ఫీజు వస్తుంది. కేసు ఫలితంలో వాటా అడగకూడదన్న నియమం అందుకే ఉంది. దళారికి బేరం కుదిరితేనే కూడు. వకీలు చెప్పే మాటల్లో ఒక్కోసారి అన్నిటికన్నా విలువైనది 'అమ్మకు' అన్న మాట. కమీషన్ మింగిన నాలుక ఆ మాట పలకదు.

ఇంకోటి కూడా అర్థమైంది. సిటీలో వకీళ్ళకు కరువు లేదు. ఆ పార్టీ నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చింది? మా వాడ తలుపులు నాకు తెరుచుకుంటాయని. 'మనోడే గదా' అని వేలిముద్ర వేస్తారని. వాళ్ళు నాలో కొన్నది చట్టం చదువు కాదు, నా కులం. కోర్టులో నాకు కేసు రాకుండా చేసిన కులమే బజారులో నా సరుకయింది.

కారంచేడు తర్వాత బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశాడు. అంతటి గుండె నాకు లేదు. నేను వదిలింది దళారీ పని ఒక్కటే. ఒప్పందం రాసింది నేనే గనక సాక్షిని అవుతాను, పెద్దమ్మ వకాల్తా నేను వేయకూడదు. ఒక మిత్రుడితో అర్జీ పెట్టించాను. అది మండల కచేరీకీ కలెక్టరాఫీసుకూ తిరుగుతుండగానే ఆమె పోయింది. ఇప్పుడు ఆమె కొడుకు తిరుగుతున్నాడు.

2016లో రెరా చట్టం వచ్చి, దాని కిందికొచ్చే ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంటు రిజిస్టరు కావాలంది. 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డు భూమిని అసలు పట్టాదారులు అమ్ముకునే వీలిచ్చింది. అమ్ముకునే హక్కు మనకెందుకు ఉండకూడదని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ హక్కు వెనకాలే సంచీ పట్టుకొని ఎవడొస్తాడో నాకు తెలుసు. వాడు మన ఇంటిపేరుతోనే వస్తాడు.

లా చదివే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఆకలైతే ట్యూషన్లు చెప్పుకోండి, రాత్రిపూట ఆటో నడపండి, నేను తప్పు పట్టను. ఏ భూమి కాగితం చదవమని మనోళ్ళు మిమ్మల్ని నమ్మి అడిగారో, ఆ భూమి బేరంలో మాత్రం పైసా ముట్టకండి అంటాను. ఒక పిల్లగాడు అడిగాడు: 'అన్నా, ఆ కమీషన్ తిరిగిచ్చినవా?'

స్కూటరు అమ్మి పట్టుకుపోయాను. పెద్దమ్మ ముట్టుకోలేదు. 'కేసుకు పెట్టు' అంది.