పరాయి అంగడిలో

విదేశాలు తిరిగి వచ్చినవాళ్లు ఈ మధ్య కోటల గురించి, సముద్రాల గురించి తక్కువ చెబుతున్నారు, అంగళ్ల గురించి ఎక్కువ చెబుతున్నారు. బ్యాంకాక్‌లో వేయించిన పురుగులు అమ్మే బండి, దుబాయిలో ఖర్జూరాల దుకాణం, షికాగోలో మన సామాన్లు దొరికే పటేల్ బ్రదర్స్. సుబేదారి నుంచి పై చదువులకు వెళ్లిన పిల్లలు ఇంటికి పంపే వీడియోల్లో ఇవే ఎక్కువ. ఒక దేశాన్ని తెలుసుకోవాలంటే ముందు దాని అంగడికి పోవాలని అందరూ అంటున్నారు. ఆ మాట తప్పు కాదు, ఆదివాసులకు కొత్త కూడా కాదు. ఉప్పు, చుట్టాల కబురు, పెళ్లి సంబంధం, ఊరి తగాదా అన్నీ వారం సంత నుంచే ఇంటికి తెచ్చుకున్నవాళ్లం మేము. మా ప్రశ్న వేరే ఉంది. పరాయివాళ్ల అంగడిలో తిరిగి, వాళ్ల తిండి రుచి చూసి, బాగుందని నలుగురికి చెబితే వాళ్లను గౌరవించినట్టేనా?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. అంగడికి రెండు వైపులా నిలబడ్డవాళ్లం మేము. అరకు వైపు గానీ మా ఏటూరునాగారం వైపు గానీ సంత రోజున కార్లలో వచ్చేవాళ్లుంటారు. మా ఆడవాళ్లు నేల మీద కుప్పలు పోసి అమ్మే తునికిపండ్లను, మొర్రిపండ్లను, వెదురు కొమ్ములను ఫొటో తీసుకుంటారు. ఒక పండు నోట్లో వేసుకుంటారు. అమ్మే అవ్వ పేరు అడగరు, కొందరైతే ధర కూడా అడగరు. ఇది ఒక వైపు. రెండో వైపు, కలెక్టరేటు పనికో, ఆర్ట్స్ కాలేజీలో చదువుకో మా గూడేల నుంచి వచ్చే మనిషికి సుబేదారే మొదటి విదేశం. కోయ భాషలో అనుకున్నది తెలుగులో కూడబలుక్కుని అడిగేలోపల షాపులో మనిషి పక్కవాడి వైపు తిరిగిపోతాడు. అద్దాల వెనక ఉన్నదాన్ని వేలు పెట్టి చూపించి కొనుక్కోవడం ఎట్లుంటదో మాకు తెలుసు. అందుకే పరాయి దేశం అంగడిలో బిత్తరపోయి నిలబడ్డ మన తెలుగు పిల్లవాడి మీద మాకు జాలే కలుగుతుంది, ఎగతాళి కాదు.

సుబేదారికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఎనుమాముల మార్కెట్టు ఉంది. ఎండాకాలం ఆ యార్డు దగ్గరికి పోతే ఘాటుకు తుమ్ములు ఆగవు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వరంగల్లు పేరు చెప్పుకునే ఈ మిరప మన నేలది కాదు. మెక్సికో ప్రాంతపు ఆదివాసులు వేల ఏళ్ల కింద అడవి మొక్కను మచ్చిక చేసి సాగులోకి తెచ్చిన పంట. మక్కజొన్న కూడా వాళ్లదే. 1492లో కొలంబస్ అటు పోయిన తర్వాత, పోర్చుగీసు ఓడల మీద మిరప మన తీరానికి చేరింది. మొక్క వచ్చింది గానీ దాన్ని పెంచిన మనుషుల సంగతి రాలేదు. వాళ్ల భూములు పోయాయని, మశూచి వచ్చి ఊళ్లకు ఊళ్లు చచ్చిపోయాయని మన వంటింటికి ఎవరూ చెప్పలేదు. కారం మాత్రం కూరలో కలిసిపోయింది. దీనికి మన ముత్తాతలను తప్పు పట్టలేం. తిండి ఎవరినీ అడగకుండానే ఊళ్లు దాటుతుంది, దాటాలి కూడా. కానీ ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఆ దేశందాకా పోయే మనిషికి తెలియదనే సాకు లేదు.

మెక్సికోలో ఇప్పటికీ బహిరంగ సంతను టియాంగిస్ అంటారు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న నహువాట్ల్ భాష మాట అది. వాహాకా అనే ప్రాంతంలో సపోటెక్ ఆదివాసీ ఆడవాళ్లు బుట్టల్లో మిడతలు పోసుకుని అమ్ముతారు. ఉప్పు, నిమ్మ, కారం పట్టించి వేయించిన మిడతలు. ప్రపంచం నలుమూలల నుంచి వెళ్లినవాళ్లు అవి తింటారు, తిన్నామని గొప్పగా చెప్పుకుంటారు. మా దగ్గర తొలకరికి ఉసిళ్లు లేస్తాయి. రాత్రి దీపం పెట్టి పట్టి, రెక్కలు చెరిగి, వేయించి తింటాం. (ఊళ్లలో మిగతా కులాలవాళ్లూ తింటారు. టౌనుకొచ్చాక మరిచిపోతారు, అంతే.) ఆ మాట హాస్టల్లో చెప్పిన పిల్లవాడికి ఏడాదంతా ఉసిళ్లోడని పేరు. మిడత తింటే సాహసం, ఉసిలి తింటే వెనుకబాటు ఎట్లయింది? తేడా పురుగులో లేదు. ఒక చోట తినేవాడు డబ్బు పెట్టి వచ్చిన యాత్రికుడు, ఇంకో చోట తినేది ఆకలయ్యే ఇంటి పిల్లవాడు. వాహాకాలో మిడతలు తిని వచ్చి ఇక్కడ ఉసిళ్ల పేరెత్తితే ముక్కు మూసుకునే మనిషి రుచి చూశాడేమో గానీ అంగడిని చూడలేదు.

ఈ మిడతల సంగతి మేము బడిలో చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఆ అవ్వ మిడతలు అమ్మి ఏం కొనుక్కుంటది?" ఉప్పు, నూనె, పిల్లలకు నోటుబుక్కులు కావచ్చన్నాం. "మరి ఇంట్ల తినెతందుకు మిగుల్తయా?" అంది. యాత్రల గురించి రాసేవాళ్లు ఈ రెండో ప్రశ్న అడగగా మేము చూసింది తక్కువ.

2017లో పారిస్‌లో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు సంతోషమే. ఆదివాసీ పండించిన గింజకు పారిస్‌లో మర్యాద దక్కిందంటే, దళారీ దగ్గర దక్కని తూకం దక్కితే, ఎవరు కాదంటారు? ఆ దుకాణంలోకి అడుగుపెట్టిన తెలుగువాడు పొంగిపోవడమూ సహజమే. అయితే కాఫీ తోటలున్న గూడేల్లో పొద్దున కడుపులో పడేది చోడి అంబలి. కాఫీ అమ్ముకునే పంట, చోడి తినే పంట. అమ్ముకునే పంట బాగుపడుతుంటే తినే పంట ఏమైపోతున్నదో చూడాలి. దాని సంగతి పారిస్‌లో తెలియదు, సుబేదారి షాపుల్లో తెలుస్తుంది. కొర్రలు, సామలు, ఊదలు ఇప్పుడు అద్దం లాంటి ప్యాకెట్లలో ఉన్నాయి, సిరిధాన్యాలని పేరు పెట్టారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పటి నుంచి మా పోడు చేలల్లో ఇవి తగ్గుతూ వచ్చాయి. ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తిట్టే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. కానీ షుగరు వచ్చిన టౌను మనిషికి ఇవాళ మందైన గింజ, దాన్ని వందల ఏళ్లు తిన్న ఇంటికి కొనలేని సరుకైంది. సారపప్పు సంగతీ అంతే. బస్తర్ వైపు మావాళ్లు సారపప్పు పోసి అంతే తూకం ఉప్పు తెచ్చుకున్న రోజులున్నాయి. ఆ పప్పే మిఠాయి దుకాణంలో పాయసం మీద అలంకారం. షావుకారు తూకం నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాల్సి వచ్చింది.

అంగడిలో కంటికి కనబడనిది ఇంకా ఉంటుంది. ఇంద్రవెల్లిలో సంత సోమవారం. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. సభకు వచ్చినవాళ్లూ సంతకు వచ్చినవాళ్లూ కలిసిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. ఇవాళ ఆ సంతకు మొదటిసారి పోయినవాళ్లకు టమాటలు, ఎండుచేపలు, గాజులు కనబడతాయి. మనం పోయే పరాయి దేశపు సంతలో కూడా ఆ నేల మీద ఏదో జరిగే ఉంటుంది. అందుకని తిరగడం మానాలని మేము అనం. అడగడం నేర్చుకోవాలంటాం.

బేరం గురించి కూడా ఒక మాట. ప్యాకెట్ మీద అచ్చేసిన ధర ముందు నోరెత్తనివాళ్లే నేల మీద కూర్చున్న అవ్వ దగ్గర గీసి గీసి బేరమాడతారని అందరూ రాస్తారు, నిజమే. కానీ అవ్వకు బేరమంటే కోపం లేదు. సంతలో మేమూ బేరమాడతాం. "ఏం అవ్వా, సోలెడు ఇంతనా?" అంటే, "నువ్వు ఎక్కు అడివి, నువ్వు ఏరుకరా బిడ్డా" అని ఆమె నవ్వుతుంది, ఇంకో గుప్పెడు పోస్తుంది. అక్కడ బేరం మాట కలపడం. మారు మాట్లాడకుండా పెద్ద నోటు విసిరి, చిల్లర ఉంచుకొమ్మని పోయే యాత్రికుడి కంటే ఈ బేరం చేసేవాళ్లే మాకు నయమనిపిస్తుంది. చిల్లర ఉంచుకొమ్మంటే ఆమెను అమ్మకందారుగా కాక అడుక్కునే మనిషిగా చూసినట్టు.

మాకు కొత్తల పండుగ ఉంది. చేతికొచ్చిన కొత్త పంటను, చిక్కుడైనా కంకైనా, వేల్పుకూ పెద్దలకూ పెట్టకుండా ఎవరూ నోట పెట్టరు. చెట్టు మన పెరట్లోనిదే, విత్తనం మనం వేసిందే, అయినా అడగాలి. పండుగ నాడు ఊరికి వచ్చినవాళ్లు పట్నం చుట్టమైనా, జీపులో దిగిన ఆఫీసరైనా, పూజ అయ్యేదాకా అరుగు మీద కూర్చోవాల్సిందే. ఫోన్లు లోపల పెట్టమని కుర్రవాళ్లు ఇప్పుడు చెబుతున్నారు, పెడుతున్నారు కూడా. పూజ అయ్యాక మాత్రం మొదటి ఆకు ఆయనకే వేస్తారు.