పాట మధ్యలో లేవగలవా?

బందరు

అమ్మాయీ,

కార్తీక పున్నమికి చంటాణ్ణి తీసుకుని చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకు వస్తామనీ, రాత్రి పొద్దుపోయేదాకా భజనలు విని, మంగినపూడి బీచిలో డేరా వేసుకుని పడుకుని, తెల్లారి సముద్ర స్నానం చేస్తామనీ రాశావు. మీ అత్తగారు వద్దంటున్నారట, అల్లుడు సై అంటున్నాడట, తీర్పు నన్ను చెప్పమన్నావు. రావద్దని నేననను. 1929లో భక్త నరసింహంగారు ఆ గుడి కట్టించిన నాటి నుంచీ జనం చంకన పిల్లల్తో వస్తూనే ఉన్నారు. అయిదో నెల బిడ్డ తల్లి గడప దాటకూడదన్న పట్టింపు నాకెప్పుడూ నచ్చలేదు.

అయితే పిల్లాణ్ణి తేవచ్చనడానికి అల్లుడు చెప్పిన గాయకుడు ఘంటసాల ముచ్చట గురించి ఒక మాట. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఆ పిల్లవాణ్ణి తండ్రి సూరయ్యగారు భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్ళేవారనీ, తరంగాలకు చిందులేస్తుంటే ‘బాల భరతుడు’ అని మురిసిపోయేవారనీ మన వైపు చెప్పుకుంటారు. ముద్దొచ్చే కథే. కానీ చిందులేసే వయసు ఆ పిల్లాడిది. మీవాడికింకా మెడ సరిగ్గా నిలవలేదు. ఆనాటి చప్పుడల్లా మృదంగం, తాళాలు. అన్నిటికంటే ముఖ్యం, మోస్తున్నవాడే అక్కడ పాడుతున్నవాడు. బిడ్డ గుక్కపెడితే పాట ఆపడం ఆయన చేతిలో పని. ఇక్కడ పాడేవాళ్ళకు నీ కొడుకు ఉన్నాడనే తెలియదు. ఆపగలిగింది మీరిద్దరే, అదీ లేచి బయటికి వచ్చేసి.

భజన రక్తి కట్టి, మీతో వచ్చిన స్నేహితులంతా చప్పట్లు చరుస్తున్న వేళ లేవగలవా? ‘ఈ ఒక్క పాటా అయ్యాక’ అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అమ్మా, నేను రానని వాడు చెప్పలేడు, వచ్చాక విసుగేస్తోందనీ చెప్పలేడు, ఏడవడం ఒక్కటే తెలుసు. ఆ ఏడుపుకి పాట కంటే ముందు విలువిస్తామని మీరిద్దరూ బయల్దేరకముందే అనుకోండి. లేవడం ప్రతిసారీ నీ వంతే కాకూడదు సుమా. ఈ మాట అల్లుడికి చదివి వినిపించు.

మైకుల సంగతి. 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగ రోజుల్లో పన్నెండు దాకా సడలించవచ్చు. పందిట్లో గడియారం చూసేదెవరు? పక్కమనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ చోటు చంటిపిల్లల చెవులకు పనికిరాదు. చెవుల్లో దూది పెట్టాంలే అని అక్కడే కూర్చోకండి.

డేరాలో మంచు, దోమలు. దోమతెర కట్టండి, కాయిల్ వెలిగించి పొగ పెట్టకండి. వాణ్ణి ఇద్దరి మధ్య ఇరికించి దుప్పట్లు కప్పొద్దు, వేరే చదును పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టు. దాహమేస్తోందేమోనని ఎవరో ఒకరు మంచినీళ్ళో కొబ్బరినీళ్ళో పట్టబోతారు. ఆరు నెలలు నిండేదాకా నీ పాలే చాలు. సముద్రంలో ఒక్క మునక వేయించమని పోరుతారు కూడా. అరికాళ్ళకు నాలుగు చుక్కలు రాయి, పాండురంగడు లెక్క అడగడు. ఒళ్ళు వెచ్చబడితే మాత్రం సొంత వైద్యం వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

కార్తీకమంటే మనకు దీపాలే కాదు, తుఫాన్లు కూడా. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ ఈ మాసంలోనే. ఇప్పుడు బందరులో రాడార్ ఉంది, వాతావరణం వాళ్ళు ముందే చెబుతారు. వాయుగుండం అన్న మాట వినబడిందా, ఏర్పాట్లన్నీ అయిపోయాయని మొండికెయ్యకుండా ఆగిపోండి.

నన్నడిగితే డేరాలో అల్లుణ్ణీ స్నేహితుల్నీ పడుకోనీ. సాయంత్రం కాసేపు, స్పీకర్లకు ఎడంగా, భజనలో కూర్చుని నువ్వూ పిల్లాడూ మా ఇంటికి వచ్చేయండి. తెల్లవారుజామున వాణ్ణి నాకప్పగించి స్నానానికి వెళ్ళు. బందరు దాకా రానక్కర్లేదు, చిలకలపూడి స్టేషన్లోనే దిగండి. పున్నమి ముందు రోజు రైల్లో కాలు పెట్టే చోటుండదు కాబట్టి ఇంకాస్త ముందే బయల్దేరి, ఏ రైలో ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ