తండ్రియొద్ద మన ఉత్తరవాది



కోర్టు మెట్లెక్కినవారికి వకీలు, ప్లీడరు, బారిష్టరు, అడ్వకేటు అను పేర్లు తెలిసినవే. పూర్వము ఇవి వేర్వేరు అంతస్తులు. జిల్లా కోర్టులలో వాదించువాడు ప్లీడరు; హైకోర్టులో వాదించువాడు వకీలు; ఇంగ్లండులో చదివి వచ్చినవాడు బారిష్టరు. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము ఈ భేదములను తీసివేసి, అందరిని అడ్వకేట్లు అను ఒక్క తరగతిగా చేసెను. పల్లెలలో మనము నేటికిని ప్లీడరుగారనియే పిలుచుచున్నాము.

పేరు మారినను ఒక సంగతి మారలేదు. పొలము దావాలో మనము వకాల్తా మీద సంతకము చేయనిదే, ఎంత గొప్పవాడైనను మన పక్షమున నిలువలేడు.

యోహాను తన మొదటి పత్రికలో (2:1) యేసుక్రీస్తుకు ఉత్తరవాది అను పేరు పెట్టెను. ఈయన మనయొద్ద ఫీజు పుచ్చుకొనడు; మనము నిర్దోషులమనియు చెప్పడు. మన దోషమునకు తానే వెల చెల్లించితినని తండ్రికి తన గాయములను చూపును.

గట్టు జరిపిన సంగతి ప్లీడరుగారియొద్ద దాచినవాడు తన దావాను తానే చెరుపుకొనును. మరి అన్నదమ్ములయెడల మనము చేసిన అన్యాయమును ఈ ఉత్తరవాదియొద్ద దాచుచు, ప్రతి ఆదివారము గుడిలో కూర్చుండనేల? నేడే ఒప్పుకొని మన వ్యాజ్యమును ఆయన చేతికప్పగింతము. పిమ్మట ఇంటికి పోకమునుపే సహోదరుని గడప తొక్కుదము. దీనికి వాయిదా అడుగకుందము. ఆమేన్.