కష్టమైన వచనం ఎదురైతే

పెందుర్తిలోనో, చుట్టుపక్కల ఊళ్లలోనో ఈమధ్యే బాప్తిస్మం తీసుకుని, బైబిలు కొత్తగా చదువుతున్నవారితో ఈ పొద్దున రెండు మాటలు.

లూకా సువార్త 14వ అధ్యాయం, 26వ వచనం. తల్లిదండ్రులను ద్వేషించనివాడు తన శిష్యుడు కాలేడని యేసు చెప్పినట్టు అక్కడ ఉంది. అమ్మానాన్నలు వేరే విశ్వాసంలో ఉన్న యువకుడికి ఆ మాట గుండెలో గుచ్చుకుంటుంది. తొందరపడి ఇంటితో తెగతెంపులు చేసుకోవద్దు, నాయనా. అలాగని ఆ వచనాన్ని దాటేసి వెళ్లిపోవద్దు. మత్తయి 10:37 తెరవండి. తనకంటే ఎక్కువగా కన్నవారిని ప్రేమించడం గురించి ఆయన అక్కడ హెచ్చరించాడు. మార్కు 7లో దేవుడి కానుక పేరు చెప్పి కన్నవారిని గాలికొదిలేసేవాళ్లను గద్దించాడు. సిలువ మీద నుంచే తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఇవన్నీ కలిపి చదివితే బోధపడుతుంది: మొదటి స్థానం దేవుడిది, అమ్మానాన్నల బాధ్యత మాత్రం మనదే.

అర్థం కానిది అడగడం అవిశ్వాసం కాదు. పౌలు పత్రికల్లో కొన్ని సంగతులు కష్టమైనవని పేతురు రెండో పత్రికే చెబుతోంది. అపొస్తలుల కార్యముల్లో కనిపించే ఐతియొపీయుడైన అధికారి, తాను చదువుతున్నది అర్థం కాక, ఫిలిప్పును రథం ఎక్కించుకుని మరీ అడిగి తెలుసుకున్నాడు. బోధించడానికి వచ్చినవాళ్లకూ ఒకరి సాయం అవసరమైంది. 1805లో మన విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డి గ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. ఆ పనిలో తెలుగువాడైన ఆనందరాయర్ సాయం తీసుకున్నారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు, పని మాత్రం ఆగలేదు.

ఈరోజు మిమ్మల్ని కలవరపెట్టిన వచనాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. ముందూ వెనకా అధ్యాయాలు చదవండి. ప్రార్థించండి. పెద్దవారిని అడగండి. ఈలోగా అమ్మానాన్నలను ప్రేమగా చూసుకోండి.