ఇత్తడి సర్పమును, పత్తి మందును

మనిషి చేసికొన్న పనిముట్టు మనిషినే ఏలవచ్చునా? ఈ ప్రశ్న మన దర్శి ప్రాంతపు పత్తి చేలకు క్రొత్తది కాదు.

1980 తరువాతి సంవత్సరములలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అను మందులు పత్తి రైతులకు అందినవి. కొద్దిపాటి మందుతోనే కాయతొలుచు పురుగు రాలిపోయెను. రైతు సంతోషించెను, అందులో తప్పేమియు లేదు. అయితే రానురాను ఆకు త్రిప్పి పురుగు ఉన్నదో లేదో చూచుట తగ్గెను. ప్రక్క చేలో పంపు చప్పుడు వినబడిన చాలును, ఈ చేలోను మందు కొట్టుట అలవాటాయెను. ఆ మందుకు సాలీళ్లు, అక్షింతల పురుగులు మొదలైన మిత్రజీవులు కూడ చచ్చినవి. కాయతొలుచు పురుగు మందును తట్టుకొన నేర్చెను. కావలి లేని చేలో తెల్లదోమ విజృంభించెను. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాలలో పంట పోయి, అప్పు మిగిలి, పలువురు పత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి.

సంఖ్యాకాండము 21వ అధ్యాయములో పాముకాటు తిన్నవారు బ్రదుకుటకై మోషే ఇత్తడి సర్పమును చేయించిన సంగతి మన మెరుగుదుము. తరములు గడచిన పిమ్మట జనులు దానికే ధూపము వేయసాగిరి. హిజ్కియా రాజు దానిని పగులగొట్టెనని రాజులు రెండవ గ్రంథము 18వ అధ్యాయము తెలుపుచున్నది. ఇత్తడి మారలేదు, దానిని చూచు చూపు మారెను.

అట్లని మన పంపులను పగులగొట్టవలెనా? అక్కరలేదు. ధూపము వేయు అలవాటును పగులగొట్టవలెను. చూచుట, ఆలోచించుట మనకిక పనిలేదనిపించిన దినమున పనిముట్టు యజమాని యగును, మనము దాసుల మగుదుము.

అయినను నేరమంతయు రైతుమీద మోపుట న్యాయము కాదు. అప్పులో మునిగినవానికి ఆగి చూచు ధైర్యమెక్కడిది? మందు అమ్మినవాడు, అప్పిచ్చినవాడు, సలహా చెప్పినవాడు, చూచి ఊరకున్న పొరుగువాడు, వీరందరికిని అందులో పాలు గలదు. యంత్రముతో మన సంబంధము చెడినచోట, చాలవరకు మనిషితో మన సంబంధము ముందే చెడియుండును.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చెను. కాలక్రమమున గులాబీరంగు పురుగు దానిని కూడ తట్టుకొనెను. నేడు డ్రోనులు చేలమీద ఎగిరి మందు చల్లుచున్నవి. వానిని వాడుకొందము. కాని కొట్టుటకు ముందు చేలోనికి దిగి ఆకు త్రిప్పి చూతము. అట్లే, పంట పోయిన పొరుగువాడు తలుపు వేసికొని కూర్చున్నప్పుడు, పిలుపుకై కాచుకొనక ఆ తలుపు తట్టుదము. ఆ పని చేయు యంత్రము లేదు.